ఆలుగడ్డ కడుపులో అబ్బురాలు

వేపుడు, కుర్మా, చిప్స్, మసాలా దోసె! ఆలుగడ్డ గురించి మనకు తెలియనిదేముంది అనుకుంటున్నారా? అయితే ఈ దుంప తెగుళ్ళతో ఎలా కుస్తీ పడుతుందో చెప్పండి చూద్దాం. తెలియదు కదూ! ఆ గుట్టంతా దాని జన్యువుల్లో ఉంది. పదండి, ఒక్కొక్కటే విప్పుదాం.

ముందు లెక్కలు

మీకు తెలుసా? మనిషి కణంలో ఉండే క్రోమోజోములు 46. మనం తినే మామూలు బంగాళదుంప కణంలో ఉండేవి 48! మనకంటే రెండు ఎక్కువే. ఇకనుంచి తొక్క తీసేటప్పుడు కాస్త మర్యాదగా తీయండి!

మనకు ప్రతి క్రోమోజోమూ రెండేసి ప్రతులు. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. బంగాళదుంపకు ఒక్కొక్కటి నాలుగేసి ప్రతులు! పన్నెండు నాలుగుల నలభై ఎనిమిది. లెక్క సరిపోయింది, శాస్త్రజ్ఞుల తలే తిరిగిపోయింది!

ఆ నాలుగు ప్రతుల చిక్కు తప్పించుకోవడానికి వాళ్ళేం చేశారో మీకు తెలుసా? ప్రతులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే మొక్కను ప్రయోగశాలలో పనిగట్టుకుని తయారు చేసుకున్నారు. దాని జన్యు పటాన్ని 2011లో ప్రకటించారు. ఎన్నో దేశాలు కలిసి చేసిన ఆ పనిలో మన సిమ్లా శాస్త్రజ్ఞులకూ వాటా ఉంది. భేష్!

ఆ పటంలో ఎన్ని డీఎన్‌ఏ అక్షరాలు? సుమారు 84 కోట్లు! ఎన్ని జన్యువులు? లెక్కకు తేలినవి 39,031. మరి మనిషికో? దాదాపు 20 వేలే. జన్యువుల లెక్కలో మనమే వెనకబడ్డాం!

వాటిలో తెగుళ్ళను పసిగట్టే ఒక పెద్ద కుటుంబం ఉంది. మొదటిసారి వెతికితే ఆ కుటుంబంలో 438 జన్యువులు దొరికాయి. 2013లో మరింత పదునైన పద్ధతితో వెతికితే ఆ సంఖ్య 755కి చేరింది! మూడు వందలకు పైగా జన్యువులు అంతవరకూ కళ్ళెదుటే ఉండి కనపడలేదన్నమాట!

శత్రువు ఎవరు?

1845 నుంచి 1852 దాకా ఐర్లండ్‌లో వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన సంఖ్యలో దేశం విడిచి వెళ్ళారు. దానికి మూలం ఒక ఆకుమాడు తెగులని మీకు తెలుసా? లేట్ బ్లైట్ అంటారు దాన్ని. ఆకు మీద మచ్చగా మొదలై ఒక దేశం తలరాతనే మార్చేసింది!

అన్ని పొలాలూ ఒక్కసారే ఎందుకు మాడాయి? ఆనాటి పేద రైతులు ఎక్కువగా వేసింది లంపర్ అనే ఒకే ఒక్క రకం. బంగాళదుంపను గింజతో కాదు, దుంప ముక్కతో నాటుతారు. అంటే పొలంలోని మొక్కలన్నిటికీ ఒకే జన్యువులు. ఒక మొక్కలోకి దూరే దారి తెలిస్తే చాలు, దేశంలోని మొక్కలన్నీ తలుపు తీసినట్టే!

మీకు తెలుసా? ఈ తెగులు తెచ్చే జీవి చూడ్డానికి బూజులా ఉంటుంది కానీ బూజు కాదు! దాని దగ్గరి చుట్టాలు సముద్రంలోని గోధుమరంగు నాచులు. 1876లో జర్మన్ శాస్త్రవేత్త అంటోన్ డి బారీ దానికి ఫైటోఫ్తోరా అని పేరు పెట్టాడు. మొక్కల వినాశకారి అని అర్థం. పేరులోనే ఉంది పెను ముప్పు!

అది ఈదుతుందని మీకు తెలుసా? ఆకు మీద తడి ఉంటే చాలు. దాని బీజకణాలు రెండేసి తోకలతో ఆ నీటి పొరలో ఈదుకుంటూ పోయి, దూరడానికి చోటు వెతుక్కుంటాయి. ఆకు మీదే ఈతపోటీలు!

ఆ జీవి జన్యు పటాన్ని 2009లో విప్పారు. 24 కోట్ల అక్షరాలు! సోయాబీన్ మీద పడే దాని చుట్టానికి ఉన్నవి సుమారు 9.5 కోట్లే. మరి ఇంత లావు ఎందుకు? ముప్పావు వంతు దాకా రాసిందే మళ్ళీ మళ్ళీ రాసి ఉంది! పుస్తకం పెద్దదే, కొత్త పేజీలే తక్కువ.

కానీ ఆ కొత్త పేజీలు మహా ప్రమాదకరం. మొక్క కణంలోకి పంపి దాని రక్షణను పడగొట్టే ప్రొటీన్ల జన్యువులు, ఒకే తరహావి, అందులో 500కు పైగా ఉన్నాయి! ఒక దుంప కోసం ఇంత ఆయుధాగారమా!

కాపలా జన్యువుల గారడీ

మరి మొక్క ఏం చేస్తుంది? దాని కాపలా జన్యువు తయారుచేసిన ప్రొటీను కణం లోపల కాచుకుని ఉంటుంది. శత్రువు పంపిన ప్రొటీను కనపడగానే గంట కొడుతుంది. అప్పుడు ఆ కణం ఏం చేస్తుందో మీకు తెలుసా? తనను తానే చంపుకుంటుంది! మొదట్లో బతికున్న కణం మీదే బతికే శత్రువు అక్కడే ఇరుక్కుపోతుంది. ఒక్క కణం పోయింది, మొక్క మొత్తం నిలబడింది!

మెక్సికో కొండల్లో పెరిగే సోలానమ్ డెమిస్సమ్ అనే అడవి జాతి నుంచి ఇలాంటి కాపలా జన్యువులను 11 లెక్కపెట్టారు. పేర్లు? ఆర్1, ఆర్2, ఆర్3... అలా ఆర్11 దాకా. తరవాత తేలిందేమిటంటే, ఆర్3 ఒకటి కాదు, పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు! రోల్ నంబర్ ఒకటే, పిల్లలు ఇద్దరు!

వాటిలో మొట్టమొదట చేతికి చిక్కింది ఏది? ఆర్1. అయిదో క్రోమోజోము మీద ఉన్న దాన్ని 2002లో విడదీసి చదివారు. ఇప్పుడు లేట్ బ్లైట్‌ను ఎదిరించే జన్యువులు ఇరవైకి పైగా చదివేశారు. కొత్తవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి!

పసిగట్టడం ఎంత సున్నితమో మీకు తెలుసా? ఆర్3ఏ అనే జన్యువు శత్రువు పంపే ఒక ప్రొటీనును ఇట్టే పట్టేస్తుంది. ఆ ప్రొటీనులో రెండే రెండు అమైనో ఆమ్లాలు మారితే? దాదాపు గుర్తే పట్టదు! మీసం గీసుకుని దొంగ దర్జాగా లోపలికి వెళ్ళిపోయినట్టే.

ఇప్పుడు అసలు విశేషం వినండి. 2013లో శాస్త్రజ్ఞులు మ్యూజియంలలో దాచిన 19వ శతాబ్దపు ఎండుటాకుల్లోంచి ఆ తెగులు జన్యువులను చదివారు. అప్పటి శత్రువు దగ్గరున్నది ఆర్3ఏ పట్టేయగల పాత ప్రొటీనే! అంటే ఈ కాపలా జన్యువు ఆనాటి ఐర్లండ్ పొలాల్లో ఉంటే చరిత్ర ఇంకోలా నడిచేదేమో. ఒళ్ళు జలదరించడం లేదూ!

మరి మూడు కాపలా జన్యువులు ఒకే రకంలో పెడితే? బ్రిటన్‌లో ఆ పనీ చేశారు. ఆర్1, ఆర్2, ఆర్3 మూడూ ఉన్న పెంట్‌లాండ్ డెల్ అనే రకం 1960ల్లో పొలాలకు వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపే తెగులు మూడింటినీ దాటేసింది! శత్రువు అంత గడుసుది మరి.

మీకు తెలుసా? ఒక కాపలా జన్యువుకు వెలుతురు కావాలి! అర్జెంటీనా అడవి జాతి నుంచి వచ్చిన ఆర్‌పీఐ-వీఎన్‌టీ1 అనే జన్యువు, ఆకులోని హరితరేణువుల్లో ఉండే ఒక ఎంజైము సాయంతో పని చేస్తుంది. వెలుతురులో తయారయ్యే రూపమే దానికి పనికొస్తుంది. చీకట్లో ఉంచితే పట్టు సడలుతుంది. పగటి డ్యూటీ కాపలాదారు!

పసిగట్టేది ఒకరు, పని కానిచ్చేది ఇంకొకరు! కాపలా జన్యువుల్లో చాలావాటికి తమంతట తాము కణాన్ని చంపే శక్తి లేదు. ఎన్‌ఆర్‌సీ అనే సహాయక ప్రొటీన్లను అవి పిలుస్తాయి. పిలుపు అందగానే ఆ సహాయకులు ఆరేసి చొప్పున కలిసి చక్రంలా కూడుకుంటారు. చక్రం తిరిగితే శత్రువుకు చుక్కలే!

దుంపల్లో మాయాబజారు

బంగాళదుంపకు ఎక్స్ అనే వైరస్ పడుతుంది. దాన్ని ఆపే జన్యువు పేరు ఆర్‌ఎక్స్. ఇంగ్లండ్‌లోని నార్విచ్ శాస్త్రజ్ఞులు దీన్ని 1999లో విడదీశారు. తరవాత దాని ప్రొటీనును రెండు ముక్కలు చేసి, రెండింటినీ ఒకే కణంలో విడివిడిగా తయారయ్యేలా చూశారు. ఏమైందో ఊహించండి! ముక్కలు రెండూ వెతుక్కుని కలుసుకుని పని మొదలుపెట్టాయి. జరాసంధుడు గుర్తొచ్చాడా?

ఆర్‌ఎక్స్ ఇంకో మెట్టు పైనే. చాలా కాపలా జన్యువులు కణాన్ని చంపి శత్రువును ఆపితే, ఇది కణం చావకముందే వైరస్ ఆట కట్టిస్తుంది! ఆకు మీద మచ్చ కూడా కనపడదు. పని పూర్తి, మరక నాస్తి!

ఆర్‌ఎక్స్‌కు పన్నెండో క్రోమోజోము మీద ఒక పొరుగు ఉంది. పేరు జీపీఏ2. రెండూ దాదాపు కవలలు. ఒకటేమో వైరస్‌ను ఆపుతుంది. రెండోది? నేలలోని నులిపురుగును! కంటికి కనపడని సూక్ష్మం మీద ఒకరు, కండ పట్టిన పురుగు మీద ఇంకొకరు. ఒకే అచ్చులోంచి వచ్చినా వృత్తులు వేరు!

టమాటా కూడా ఈ కథలో ఉందని మీకు తెలుసా? లేట్ బ్లైట్‌ను ఆపే ఆర్‌పీఐ-బీఎల్‌బీ2 అనే దుంప జన్యువు, టమాటాలోని ఎంఐ-1 అనే జన్యువుతో 82 శాతం పోలి ఉంటుంది. ఆ టమాటా జన్యువు చేసే పని వేర్లలో కాయలు కట్టే నులిపురుగులనూ, పేనుబంకనూ, తెల్లదోమనూ ఆపడం! చుట్టరికం దగ్గరదే, శత్రువులే వేరు.

ఇంకో జంట కూడా ఉంది. వెలుతురు కావాలనే వీఎన్‌టీ1 గుర్తుందా? దాని చుట్టం టమాటాలో మొజాయిక్ వైరస్‌ను ఆపే జన్యువు. కూరగాయల బుట్టలో పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరి మధ్య ఇంత బంధుత్వం ఉందని ఎవరనుకున్నారు!

అసలు టమాటాకు, దుంపకు ఉన్న బంధుత్వం ఎంతటిదో 2025లో తేలింది. సుమారు 90 లక్షల ఏళ్ళ కిందట టమాటా వంశపు పూర్వీకులు, దుంప కట్టని ఇంకో జాతి కలిసిన సంకరం నుంచే బంగాళదుంపల వంశం పుట్టిందట! అమ్మకూ దుంప లేదు, నాన్నకూ దుంప లేదు, పిల్లకు మాత్రం గంపెడు దుంపలు!

అడవి చుట్టాల అండ

ప్రపంచంలో అడవి బంగాళదుంప జాతులు ఎన్నో మీకు తెలుసా? శాస్త్రజ్ఞుల తాజా వర్గీకరణలో 107! తెగులు తట్టుకునే జన్యువుల అసలు ఖజానా అదే. మనం తినే రకాలన్నీ ఒక్క జాతివే. ఒకరు వంట గదిలో, 107 మంది కాపలాకు!

అడవి దుంపల్లో ఈ శక్తి ఉందని మొదట్లోనే గమనించిన వాళ్ళలో ఒకరు ఎవరో చెప్పుకోండి? ఒక డాక్టరు! ఇంగ్లండ్‌కు చెందిన రెడ్‌క్లిఫ్ సాలమన్ క్షయ సోకి వైద్యం మానేసి పల్లెకు చేరాడు. ఏదో ఒకటి పరిశోధించాలని ఉబలాటపడుతుంటే, తోటమాలి బంగాళదుంపల మీద పడమన్నాడు. ఆ మాటే ఆయన జీవితం అయింది. తోటమాలి సలహాకు జై!

మెక్సికోలో సోలానమ్ బల్బోకాస్టానమ్ అనే అడవి దుంప ఉంది. తెగులు మధ్యలోనే నిల్చుని నిక్షేపంగా ఉంటుంది. కానీ దాన్ని మన బంగాళదుంపతో సంకరం చేయబోతే కుదరదు! పెళ్ళి కుదరని సంబంధం ఇది.

మరి ఎలా కుదిర్చారు? మధ్యవర్తులుగా ఇంకో రెండు జాతులను పెట్టి, ఒకదాని తరవాత ఒకటి సంకరం చేసుకుంటూ వచ్చారు. నెదర్లాండ్స్‌లో 1959లో మొదలైన పని 2005లో కొత్త రకాలుగా రైతుకు చేరింది. ఎన్నేళ్ళు? 46! మొదలుపెట్టిన వాళ్ళ ఉద్యోగకాలమే అయిపోయింది, దుంప మాత్రం అప్పుడే తయారైంది!

అదే జాతిలో ఉన్న ఆర్‌బీ అనే ఇంకో జన్యువును 2003లో విడదీశారు. ఒక్కరు కాదు. అమెరికాలో ఒక బృందం, నెదర్లాండ్స్‌లో ఇంకో బృందం, ఒకే ఏడాది, విడివిడిగా! అందుకే ఆ జన్యువుకు ఇప్పటికీ రెండు పేర్లు. ఇద్దరూ నెగ్గిన పందెం!

మన పెరట్లో, చేల గట్ల మీద మొలిచే కామంచి మొక్క తెలుసుగా? చిన్న నల్ల పళ్ళు కాస్తుంది. దాని దగ్గరి చుట్టం సోలానమ్ అమెరికానమ్ అనే కలుపు మొక్కలో లేట్ బ్లైట్‌ను ఆపే గట్టి జన్యువులు దొరికాయి! పీకి పారేసే మొక్కలోనే పెన్నిధి!

ఈ మాట నమ్మగలరా? బొలీవియా వైపు పెరిగే ఒక అడవి బంగాళదుంప పేనుబంకను భయపెట్టి తరుముతుంది! ప్రమాదం వచ్చినప్పుడు పేనుబంక తమవాళ్ళకు హెచ్చరికగా వదిలే వాసన ఒకటుంది. అదే వాసనను ఈ మొక్క ఆకుల మీది నూగు వదులుతుంది. 1983లో బయటపడిన గుట్టు ఇది. పేనుబంకే వైరస్‌లను మోసుకొచ్చేది కాబట్టి, అది పారిపోతే వైరస్‌కు బండి లేనట్టే!

హంగరీకి చెందిన సార్వారీ కుటుంబం పెంచిన సార్పో మీరా అనే రకం లేట్ బ్లైట్ మధ్యలో పచ్చగా నిలబడి పేరు తెచ్చుకుంది. ఎందుకో 2012లో తేలింది. కనీసం అయిదు కాపలా జన్యువులు ఒకే మొక్కలో ఉన్నాయి! ఒక్కరిని దాటొచ్చు, ఇద్దరిని దాటొచ్చు, అయిదుగురిని ఒకేసారి దాటడం అంటే ఆషామాషీ కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి అప్పుడు ఆ నగరం ఆకలితో అల్లాడిపోయింది. అక్కడి విత్తన భాండాగారంలోని శాస్త్రజ్ఞులు బంగాళదుంప రకాలను కాపాడుతూనే ఉన్నారు. తాము ఆకలితో ఉన్నా తినలేదు. కొందరు ఆకలితోనే ప్రాణాలు విడిచారు. తిండి చేతిలో పెట్టుకుని పస్తులున్న మనుషుల వల్ల ఆ జన్యువులు బతికాయి. చేతులెత్తి మొక్కాలి!

నేలలోని దొంగలు

బంగాళదుంప వేర్లను తినే బంగారు రంగు నులిపురుగు ఒకటుంది. తల్లి పురుగు చచ్చి గట్టి గుల్లగా మారుతుంది. లోపల వందల గుడ్లు! అవి నేలలో ఇరవై ఏళ్ళ దాకా కూడా ఎదురుచూస్తాయి. దుంప మొక్క వేర్ల నుంచి రసం ఊరిందో లేదో, పొదిగి బయటికొస్తాయి. ఎంత ఓపిక!

దాన్ని ఆపే హెచ్1 జన్యువు 1952లో ఆండీస్ కొండల సాగు దుంపలో కనపడింది. 1966లో ఆ జన్యువుతో వచ్చిన మారిస్ పైపర్ బ్రిటన్ వేపుళ్ళకు పేరుమోసిన రకం అయ్యింది. ఆండీస్ జన్యువు, లండన్ చిప్స్!

మన దేశంలో ఆ నులిపురుగు మొదట ఎక్కడ బయటపడిందో మీకు తెలుసా? తమిళనాడు నీలగిరుల్లో, 1961లో! దాన్ని తట్టుకోవడానికే నీలగిరుల కోసం 1985లో కుఫ్రీ స్వర్ణ అనే రకం వచ్చింది. పురుగు రంగు బంగారం, మందూ స్వర్ణమే!

డార్జిలింగ్ కొండల్లో ఇంకో పీడ ఉంది. దుంప మీద పులిపిర్ల లాంటి గడ్డలు పుడతాయి. దాని బీజాలు నేలలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. దాన్ని ఆపే సెన్1 జన్యువు పదకొండో క్రోమోజోము మీద ఉంది. ఇక ఆ కొండల కోసమే మన వాళ్ళు పెంచిన రకం కుఫ్రీ కాంచన్. స్వర్ణ, కాంచన్! దుంపలకు బంగారం మీద మోజు తగ్గడం లేదు.

మన ఇంటి ముచ్చట

బంగాళదుంప పండించడంలో భారత్ ఎన్నో స్థానం? చైనా తరవాత రెండోది! మన తెలంగాణలో జహీరాబాద్ వైపు చలికాలంలో ఆలుగడ్డ చేలు కనపడతాయి. చల్లదనం, తడి కలిస్తే దుంపకు హాయి, తెగులుకూ హాయి. ఇద్దరికీ ఒకే వాతావరణం నచ్చడమే అసలు చిక్కు!

రకాల పేర్లన్నీ కుఫ్రీతో ఎందుకు మొదలవుతాయో తెలుసా? కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ 1949లో పట్నాలో పుట్టి 1956లో సిమ్లాకు మారింది. సిమ్లా పక్కనే ఉన్న కొండ ఊరు కుఫ్రీ. అక్కడి సంకరాల తోటలోంచి వచ్చినవన్నీ ఆ ఇంటిపేరే పెట్టుకుంటాయి. ఒక ఊరు, డజన్ల కొద్దీ బిడ్డలు!

1968లో వచ్చిన కుఫ్రీ జ్యోతి లేట్ బ్లైట్‌ను తట్టుకుని దేశమంతా వెలిగింది. కాలం గడిచేకొద్దీ తెగులు దాని కాపలా దాటేసింది. సిమ్లా శాస్త్రజ్ఞులు ఊరుకున్నారా? మెక్సికో అడవి దుంపలోని ఆర్‌బీ జన్యువును అదే జ్యోతిలో పెట్టి పరీక్షించారు. ఆరిన చోటే మళ్ళీ వత్తి!

ఆ తెగులు దుంపతోనే ఆగుతుందా? ఆగదు! యూరప్‌ను ముంచిన 13_ఏ2 అనే కొత్త వంశం దక్షిణ భారతంలో 2009 నుంచి టమాటా తోటలనూ దులిపేసింది. ఆలుగడ్డ కూర వండేవారే కాదు, టమాటా పప్పు వండేవారూ ఈ జన్యువుల గురించి పట్టించుకోవాల్సిందే!

ఇక రేపటి సంగతి

ఒక్క జన్యువు ఓడిపోతుందని తేలింది కదా. అందుకే ఇప్పుడు కట్టలు కడుతున్నారు. ఉగాండా రైతులకు బాగా నచ్చిన విక్టోరియా రకంలో మూడు అడవి జన్యువులను ఒకేసారి పెట్టి పొలాల్లో పరీక్షించారు. తెగులు ఇప్పుడు మూడు తాళాలు ఒక్కసారే తీయాలి. తీయమనండి చూద్దాం!

మీకు తెలుసా? జన్యువు చేర్చడమే కాదు, నిద్రపుచ్చడం కూడా రక్షణే! తెగులుకు తెలియకుండానే సాయపడే జన్యువులు మొక్కలోనే ఉంటాయి. 2016లో అలాంటి 11 జన్యువులను ఒక్కొక్కటిగా నొక్కి చూస్తే, ఆరింటి విషయంలో మొక్క తెగులును తట్టుకుంది. ఇంటి దొంగను నిద్రపుచ్చితే బయటి దొంగకు దారి మూసుకుంది!

నాలుగు ప్రతుల దుంపను వదిలి రెండు ప్రతుల దుంపను పెంచే పని కూడా నెదర్లాండ్స్, చైనాల్లో ఊపందుకుంది. అప్పుడు కాపలా జన్యువులను కలపడానికి 46 ఏళ్ళు అక్కర్లేదు, కొన్నేళ్ళు చాలు. పైగా గింజలతోనే సాగు! హెక్టారుకు 2,500 కిలోల విత్తన దుంపలకు బదులు 25 గ్రాముల గింజలు. లారీ పని జేబు చేసేస్తుంది!

ఇక పెరూలోని లిమా నగరంలో ఉన్న అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం జన్యు బ్యాంకులో ఆండీస్ రైతులు తరతరాలుగా కాపాడిన దుంప రకాలు 4,000కు పైగా ఉన్నాయి. 107 అడవి జాతుల్లో శాస్త్రజ్ఞులు లోతుగా తరచి చూసినవి కొన్నే. ఏ కొండ మీది ఏ పిచ్చి మొక్కలో రేపటి ఆర్3ఏ దాగుందో ఎవరికి తెలుసు? ఆ మొక్కలు బతికి ఉంటేనే మన కూర బతికి ఉంటుంది. కాబట్టి ఇకనుంచి ఎవరైనా "ఆలుగడ్డలో ఏముందిలే" అంటే గట్టిగా చెప్పండి: నలభై ఎనిమిది క్రోమోజోములు, ముప్ఫై తొమ్మిది వేల జన్యువులు, ఏడు వందల యాభై అయిదు కాపలాలు ఉన్నాయని!